వదులు పగ్గం

శత్రు దళపతి వక్రనాసుడి భటులు విసిరిన ఈటె కంబళ్ళ మూటలో దిగబడి ఆగిపోబట్టి మన రాకుమారుడు మణికేతుడు ప్రాణాలతో ధవళశృంగం ఎక్కగలిగాడు. వీపున ఆ మూటే లేకపోతే కథ లోయలోనే ముగిసి ఉండేది. కంబళ్ళ బేరగాడి వేషం తన హోదాకు తగదని తొమ్మిది రోజులుగా గొణుక్కుంటూ వచ్చినవాడు, ఆ పూట మాత్రం మూటను ఒకసారి ఆప్యాయంగా నిమిరి, ఈటె పీకి పారేసి, మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు. గుర్రాన్ని కింద అడవిలో దాచి వచ్చాడు. అశ్వకూట రాజ్యంలో పుట్టినవాడికి గుర్రం దిగి నడవడమే పెద్ద సాహసం. కొండ ఎక్కడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ధవళశృంగం చూడవలసిన కొండే. నడుము చుట్టూ పచ్చపట్టు చుట్టినట్టు దేవదారు వనాలు, ఆ పైన నీలిరాళ్ళ మెట్లు, మెట్టుమెట్టుకూ వెండిదారాలై జారే సెలయేళ్ళు, ఇంకా పైన ముత్యాలు దంచి చల్లినట్టు మంచు, అన్నిటికీ మీద సూర్యుడు కూడా కాసేపు ఆగి ముఖం చూసుకునే తెల్లని శిఖరం. ఈ అందమేదీ మన రాకుమారుడికి పట్టలేదు. అతను ఆయాసపడుతూ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

అతని అన్న వసుకేతుడు అశ్వకూటానికి ప్రభువు. మంచుకొండ మాంత్రికుడు నీహారదంష్ట్రుడు వెయ్యి గుర్రాలు కప్పం అడిగితే, ఒక్క గిట్ట కూడా ఇవ్వనన్నాడు. మర్నాడు తెల్లవారేసరికి ఆయన పాదాలు రాయిగా మారి ఉన్నాయి. ఆ రాయి రోజుకు బెత్తెడు చొప్పున పైకి పాకుతోంది. ఇరవై ఒకటో రోజున గుండెను చేరుతుందని రాజవైద్యుడు చెప్పాడు. శిఖరానికి అవతల మాంత్రికుడి కోటలో కరుగుబావి ఉంది. దాని నీళ్ళు ఒక్క చెంబుడు పోస్తే రాయి తిరిగి మాంసమవుతుంది. ఇక్కడికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. దిగుడుదారిలో, గుర్రం మీద, తిరుగు ప్రయాణానికి అయిదు రోజులు కావాలి. మిగిలినవి ఏడు.

పొద్దు వాలేవేళకు ఒక రాతిదొడ్డి కనిపించింది. దొడ్డి గోడ మీద ఒక ముసలావిడ కూర్చుని కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతోంది.

"కంబళి కావాలా అవ్వా?" అన్నాడు మణికేతుడు, బేరగాడి గొంతు పెట్టి.

ఆవిడ కదురు ఆపకుండానే అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "కంబళ్ళు అమ్మీవోడివి, మడత సివర పైకెట్టి మోస్తావేటి బాబూ? వాననీరంతా లోపలికే దిగిపోతాది. కాళ్ళు సూస్తే ఎడంగా ఏస్తన్నావు. పుట్టినకాణ్ణించీ గుర్రమ్మీదే ఉన్నట్టున్నావు." కదురు ఆగింది. "మీ అన్నకి ఎందాకా వచ్చింది, రాయి?"

ఇంత తెలిసిన మనిషి దగ్గర వేషం దండగ. మణికేతుడు మూట దించాడు. "మొలదాకా వచ్చి ఉంటుంది" అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆమె పేరు గవిరమ్మ. ఒకప్పుడు ధవళశృంగం మీద పదహారు ఉన్నిలేళ్ళ మందలుండేవి. ఇప్పుడున్నది ఆమె ఒక్కతే. రాకుమారుడికి కుండెడు గంజి పోసి, తాగుతుండగా చెప్పింది.

"కోటకి దారొకటే, ఏడుసూపుల వంతెన. నీకక్కడ ఏడు వంతెనలు అగుపిస్తాయి. ఆరు మాయ. మాయ మీద కాలెట్టినోడు లోయలో తేల్తాడు. మనిసి కళ్ళకే కాదు, గుర్రానికీ కుక్కకీ కూడా ఆ మాయ కమ్మేస్తాది. ఉన్నిలేడికొక్కదానికే కమ్మదు. అందుకనే ఆ నీచుడు మందలన్నీ కోయించీసినాడు."

"ఒక్కటీ మిగల్లేదా?"

గవిరమ్మ లేచి, దొడ్డి వెనక బండకు అడ్డంగా వేలాడుతున్న ముళ్ళకంప తొలగించింది. లోపల గుహ. గుహలో ఒక వింత జంతువు కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. మేకకన్నా పెద్దది. లేడి కాళ్ళు, ఒంటె మూతి, నిటారుగా కొంగ మెడ, ఒళ్ళంతా పగిలిన పత్తికాయలా తెల్లని ఉన్ని. దాని వెనకకాలు ఈటె దెబ్బకు వంకర తిరిగి ఉంది. దాని వెనకనుంచి రెండు చెవులు మాత్రం లేచి, రాకుమారుణ్ణి చూసి, వెంటనే మాయమయ్యాయి.

"ఇది తల్లి. నడవలేదు. ఆ సెవులు గుంటడివి. ఎనిమిది నెల్లోడు. పాలు మరిసినాడు. నా సెయ్యి తప్ప ఇంకో సెయ్యి ఎరగడు, అదైనా ఎప్పుడో గానీ దగ్గిరికి రాడు, మా సెడ్డ బెరుకు. పగ్గం మీద నడిసీలాగ సెయ్యాలంటే నెల పడతాది."

"నాకున్నవి ఆరు రోజులు. ఏడోది వంతెనకు." మణికేతుడు కొంచెం ఛాతీ విరిచాడు. "నూటపదహారు గుర్రాలను లొంగదీసినవాణ్ణి అవ్వా. ఒక్కోదానికి మూడు రోజులు చాలేవి."

"అదే నా బయం" అంది గవిరమ్మ.

మర్నాడు పొద్దున్న ఆమె నీళ్ళకు వెళుతూ, తను వచ్చేదాకా పిల్లను ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళింది. రాకుమారులకు ఇలాంటి మాటలు ఒక చెవినుంచి ఇంకో చెవికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆమె వంపు తిరగ్గానే మణికేతుడు ఉన్నితాళ్ళు పేని మూతిపట్టీ అల్లాడు. గుర్రాలకు అల్లినట్టే అల్లాడు, ముక్కుపుటాలకు కాస్త పైగా బిగిసేటట్టు. ఎంత దిగువన బిగిస్తే గుర్రం అంత మాట వింటుందని అశ్వకూటంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పిల్లను గుహలోంచి దొడ్డిలోకి అదిలించి, మూలకు తరిమి, మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టేశాడు. పట్టడం వరకు అద్భుతంగా పట్టాడు. చూసేవాళ్ళు లేకపోయారు గానీ ఉంటే చప్పట్లు కొట్టేవారు. పట్టీ తగిలించి బిగించాడు.

పిల్ల ఒక్కసారి గాలిలోకి ఎగిరింది. తర్వాత మోకాళ్ళ మీద పడింది. కళ్ళు తెల్లబడ్డాయి. పక్కలు కొలిమితిత్తిలా ఎగిసిపడుతున్నాయి గానీ ఊపిరి లోపలికి పోవడం లేదు. మొండికేసిందనుకుని మణికేతుడు పగ్గం ఇంకా బిగించాడు.

నీళ్ళకుండ పగిలిన చప్పుడైంది. గవిరమ్మ ఆ వయసులో అంత వేగంగా ఎలా వచ్చిందో తెలియదు, వచ్చి అతన్ని భుజంతో నెట్టి, పట్టీ లాగి పారేసింది. పిల్ల దీర్ఘంగా గాలి పీల్చుకుంది. తర్వాత మెడ ఎత్తి, కడుపులోంచి తీసి, గురి చూసి ఉమ్మింది. నూటపదహారు గుర్రాలను లొంగదీసిన వీరుడి ముఖం మీద నెమరేసిన గడ్డి పచ్చగా కారసాగింది. పిల్ల పరిగెత్తి తల్లి వెనక దూరింది.

"సంపేసీవోడివి" అంది గవిరమ్మ. అరవలేదు. అరిచినా బాగుండేదని మణికేతుడికి అనిపించింది. ఆమె తన ముక్కు మీద వేలు పెట్టి చూపించింది. "దీనికి ముక్కెముక కురస. కళ్ళ కింద ఇంత మేరే. ఆ దిగువంతా మెత్తన. అక్కడ బిగిస్తే ముక్కు మూసుకుపోతాది. నోటితో ఊపిరి తీడం దీనికి సేతకాదు. పట్టీ పైన ఉండాల, కళ్ళకి దగ్గిరగా, ఎముక మీద."

మణికేతుడు ముఖం తుడుచుకోలేదు. "తప్పయింది అవ్వా" అన్నాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు. దానికన్నా ఎక్కువగా భయపడ్డాడు. ఆ పిల్ల చచ్చిపోతే తనే అన్నను చంపినట్టు.

"నాకెందుకు సెప్తావు? దానికి సెప్పు. నోటితో కాదు."

ఎలా చెప్పాలో ఆమె చూపించింది. పదకొండో రోజంతా రాకుమారుడు గుహలో, తల్లి పక్కన, పిల్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. కళ్ళలోకి చూడకూడదు. నీడ మీద పడనివ్వకూడదు. ఒళ్ళో యవల మొలకలున్న బుట్ట. కాళ్ళు తిమ్మిరెక్కాయి, దోమలు కుట్టాయి, అన్న నడుము గుర్తొచ్చి గుండె మండింది. అయినా కదల్లేదు. మధ్యాహ్నానికి వెనకనుంచి ఒక ముక్కు బుట్టదాకా వచ్చి రెండు మొలకలు అందుకుని వెళ్ళింది. సాయంత్రానికి బుట్ట ఖాళీ అయింది. దండయాత్రలో కోట పట్టుకున్నప్పుడు కూడా మణికేతుడికి అంత సంతోషం కలగలేదు.

పన్నెండో రోజున చెయ్యి పాఠం.

"తలమీద సెయ్యెట్టకు. దీని తలమీద పడీది పులొక్కటే. మెడ మొదట్లో, బుజం దగ్గిర, సెయ్యి ఎనకేపుతో ఆనించు. పిడికిలి వొద్దు. ఆఁ, అలగ. ఇప్పుడు తీసీ."

"ఇప్పుడేగా ఆనించాను. అది కదలకుండా నిలబడింది కూడా."

"అందుకే తీమంటన్నాను. అది గింజుకున్నాక తీస్తే, గింజుకుంటే సెయ్యి పోతాదని నేర్సుకుంటాది. ఊరుకున్నప్పుడు తీస్తే, ఊరుకుంటే పోతాదని నేర్సుకుంటాది. మీ గుర్రాలకి ఇది తెలీదేటి?"

గుర్రాలకు తెలిసే ఉంటుంది. అడిగినవాళ్ళు లేరు. మణికేతుడు చెయ్యి ఆనించి తీశాడు. ఆనించి తీశాడు. భుజంనుంచి వీపుకు, వీపునుంచి పక్కలకు, పక్కలనుంచి మోకాళ్ళకు. ఒక్కోసారి పిల్ల ఒళ్ళు జలదరించేది. అప్పుడు చెయ్యి కదల్చకుండా ఉంచి, అది నెమ్మదించిన క్షణంలో తీసేవాడు. పొద్దు గుంకే వేళకు పిల్లే వచ్చి అతని చెవి వాసన చూసి, గొంతులో సన్నగా మ్మ్... అని మూలిగింది. మణికేతుడు ఉండబట్టలేక దాన్ని గుండెలకు హత్తుకోబోయాడు. కదురు చురుక్కున ముంజేతి మీద పడింది.

"ముద్దు సెయ్యకు" అంది గవిరమ్మ. "ఇది మగగుంటడు. సిన్నప్పుడు ముద్దుసేస్తే మనిసిని తన జాతనుకుంటాడు. పెద్దయినాక ఇంకో పోతుని కుమ్మినట్టు మనిసిని కుమ్ముతాడు. నా పెనివిటి మోకాలు ఇరగ్గొట్టింది, మా మంచం మీద పడుకోబెట్టి పెంచిందే. నమ్మకం కావాల, అంతే. సుట్టరికం అక్కర్లేదు."

పదమూడో రోజున పట్టీ. ఈసారి గవిరమ్మే అల్లింది. మణికేతుడు దాన్ని పిల్లకు వాసన చూపించాడు, మెడ మీద వేసి తీశాడు, చివరికి కళ్ళ కింద ఎముక మీద ఆనించాడు. రెండు వేళ్ళు దూరేంత వదులుగా ముడి వేశాడు. పిల్ల తల విదిల్చి, పట్టీ ఊడకపోయేసరికి కాస్త ఆలోచించి, మొలకలు తినడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే లోయలోంచి కొమ్ముబూర వినిపించింది. వక్రనాసుడు పన్నెండుమంది భటులతో, రెండు వేటకుక్కలతో మెట్లదారి ఎక్కి వస్తున్నాడు. గవిరమ్మ రాకుమారుణ్ణీ పిల్లనూ గుహలోకి తోసి, ముళ్ళకంప అడ్డం వేసి, కంప నిండా కుళ్ళిన వెల్లుల్లి నీళ్ళు కుమ్మరించి, వచ్చి గోడ మీద కూర్చుని కదురు అందుకుంది.

"ముసలీ, ఇటు కంబళ్ళ బేరగాడెవడైనా వచ్చాడా?" అన్నాడు వక్రనాసుడు. మాంత్రికుడి దళపతి అతను. ముక్కు కుడివైపుకు తిరిగి ఉండడంవల్ల ఎవరితో మాట్లాడుతున్నా పక్కవాడితో మాట్లాడుతున్నట్టు ఉంటాడు.

"వచ్చినాడు బాబూ. మడతెట్టడం రాని బేరగాడు. గంజి తాగీసి ఎల్లిపోయినాడు."

"ఏ వైపు?"

"కడుపు నిండినోడు ఏపు ఎల్తే నాకేటి?"

కుక్కలు కంప దగ్గరికి వచ్చి, వెల్లుల్లి ఘాటుకు తుమ్మి, మొరగసాగాయి. లోపల, పిల్ల మెడ కర్రలా బిగుసుకుంది. తోక లేచింది. పక్కలు ఉబ్బాయి. ఉన్నిలేడి భయపడితే పెట్టే కేక అయిదు కొండల అవతలికి వినిపిస్తుందని గవిరమ్మ చెప్పి ఉంది. ఆ కేక ఇప్పుడు దాని గొంతులో సిద్ధంగా ఉంది.

మణికేతుడి చేతులు మూతి నొక్కేయడానికి లేచాయి. గుర్రమైతే నొక్కేసేవాడే. చేతులను మధ్యలోనే ఆపుకున్నాడు. పిల్లకు వీపు తిప్పాడు. భుజాలు దించాడు. రొమ్ములో ఉన్న గాలినంతా నెమ్మదిగా వదిలాడు. ఈటె దూరం కూడా లేని శత్రువుకు ఎదురుగా, కంబళ్ళ మూటలోంచి తీసి నడుముకు కట్టుకున్న కత్తి ఒరలోనే పెట్టుకుని, ఒక గడ్డిపరక తీసి నములుతూ నిలబడ్డాడు. ఇక్కడ భయపడవలసింది ఏమీ లేదని చెప్పడానికి అతనికి తెలిసిన మార్గం అదొక్కటే. తల్లి గొంతులో మ్మ్... అంది. కాసేపటికి అతని మోచేతి కింద వెచ్చగా ఒక ముక్కు ఆనుకుంది. పిల్ల కూడా, చాలా సన్నగా, మ్మ్... అంది.

వక్రనాసుడు కుక్కలను వెనక్కి పిలిచాడు. పోతూ పోతూ గవిరమ్మ కదురు మీది దారం పోగు ఒకటి తెంపి, వేళ్ళ మధ్య నలిపి చూసి, నడికట్టులో దోపుకున్నాడు.

వాళ్ళు వంపు తిరిగాక గవిరమ్మ కదురు వైపు చూసుకుంది. "తప్పు నాది బాబూ" అంది. "సేతులు ఊరుకోవు. ఏడాదిగా తల్లి ఉన్నే వడుకుతన్నాను. ఆడికి గొర్రెబొచ్చుకీ దీనికీ తేడా తెలకపోవచ్చు. ఆడి దొరకి తెలుస్తాది. రేపొక్కరోజే మనకున్నది."

ధవళశృంగంలో ఒక ఆచారం ఉండేది. ఉన్నిలేడిని చేతులు మార్చేటప్పుడు కొత్త మనిషి దాన్ని దొడ్డినుంచి పొలిమేర రాయిదాకా నడిపించాలి. మూడు బారల పగ్గం, దాని నడిమి భాగం నేలను రాస్తూ ఉండాలి. ఒక్కసారి బిగిసినా జంతువు దొడ్డికి తిరిగి వచ్చేస్తుంది. రాజైనా సరే, అంతే. పద్నాలుగో రోజున గవిరమ్మ రాకుమారుడికి ఆ పరీక్షే పెట్టింది.

మొదటిసారి పది అడుగులకే పగ్గం బిగిసింది. మణికేతుడి చెయ్యి దానంతట అదే బిగించింది. "ఎనక్కి" అంది గవిరమ్మ. రెండోసారి పిల్ల గడ్డికి ఆగితే అతను ఆగలేదు. "ఎనక్కి." మూడోసారి సగం దూరం పోయాక గద్ద నీడకు పిల్ల బెదిరింది, చెయ్యి మళ్ళీ బిగిసింది. "ఎనక్కి."

"పొద్దు దాటిపోతోంది అవ్వా. చివరికి అది నా వెంట వస్తే చాలదా?"

"నీ ఎంట రావడం కాదు కావలసింది. దాన్ని ముందు నడవనియ్యాల. పగ్గం బిగిస్తే పాపం అది నువ్వు లాగినేపే వస్తాది, నీ కళ్ళు సెప్పినేపు. నీ కళ్ళకే గదా మాయ కమ్మీది. వదిలితే అది దాని కళ్ళతో నడుస్తాది. అప్పుడు నువ్వు బతుకుతావు, మీ అన్న బతుకుతాడు."

నాలుగోసారి మణికేతుడు పగ్గాన్ని పిడికిట్లో పట్టుకోలేదు. తెరిచిన అరచేతి మీద పడేసుకున్నాడు. పిల్ల ఆగితే ఆగాడు. అది చెవులు తిప్పి విన్నంతసేపూ తనూ విన్నాడు. అది అడుగు వేస్తే తను వేశాడు. ఎప్పుడు వచ్చిందో గానీ పొలిమేర రాయి వచ్చింది. పిల్ల రాయిని వాసన చూసి, దాని పక్కనే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. గవిరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

పదిహేనో రోజు పొద్దున్నే, సూర్యుడు శిఖరానికి ఇంకా బంగారం పూయకముందే, లోయలో బూరలు మోగాయి. ఈసారి ఒకటి కాదు, ఇరవై. వక్రనాసుడు యాభైమందితో తిరిగి వస్తున్నాడు.

గవిరమ్మ తల్లి మెడ దగ్గర ఉన్ని ఒక గుప్పెడు కత్తిరించి మణికేతుడి భుజానికి కట్టింది. "ఈ వాసన కూడా ఉంటే దానికి ధైర్నం. నువ్వెల్లు. మెట్లదారి మీదకి బండలు దొర్లిస్తాను. ఓ పూట ఆపగలను."

"నిన్ను వదిలి ఎలా వెళ్ళను?"

"నీకింకో పనుంది కాబట్టి ఎల్తావు. తిరిగొచ్చినప్పుడు మాత్రం గుంటణ్ణి తల్లికి అప్పగించి పో. మాటియ్యి."

మణికేతుడు మాట ఇచ్చాడు. అశ్వకూట రాకుమారుడు గొల్లముసలి పాదాలకు మొక్కాడు. పిల్ల గుహవైపు తల తిప్పి మ్మ్... అంది. లోపలినుంచి తల్లి మ్మ్... అంది. పిల్ల కదల్లేదు. బూరలు దగ్గరవుతున్నాయి. లాగేస్తే పది క్షణాల్లో పని అయిపోయేది. మణికేతుడు లాగలేదు. ఉన్ని కట్టిన భుజం దాని వైపు తిప్పి, నిలబడ్డాడు. వెనక మొదటి బండ దొర్లిన చప్పుడైంది. పిల్ల అతని భుజాన్ని ఒకసారి, గుహను ఒకసారి చూసి, దారిన పడింది. దాని వెనక నడుస్తూ రాకుమారుడు ఏడ్చాడు. ఎవరికోసమో అతనికే సరిగ్గా తెలియదు.

మధ్యాహ్నానికి వంతెన చేరారు. చేరడమంటే వంతెనలు చేరారు. అగాధమైన లోయ, అడుగున నది నల్లపాములా మెలికలు తిరుగుతోంది, దాని మీద ఏడు వంతెనలు. ఒకటి పుత్తడిది, కమ్ములకు పగడాలు తాపడం చేశారు. ఒకటి దంతానిది, అడుగడుగునా సింహాల చెక్కడాలు. ఒకటి గంధపు చెక్కది, దాని పరిమళం ఇక్కడికే వస్తోంది. ఇంకోటి నల్లరాతిది, ఏనుగుల దండు నడిచినా చెక్కుచెదరనంత దిట్టమైనది. మిగిలిన మూడూ అంతకంత గొప్పవి. చూస్తే ప్రతిదీ నిజమే.

పిల్ల పుత్తడి వంతెనను ఎక్కకుండా దాటిపోయింది. దంతపుదాన్నీ దాటిపోయింది. నల్లరాతి వంతెనను కనీసం వాసన కూడా చూడలేదు. దానికీ గంధపుదానికీ మధ్య, ఏమీ లేనిచోట, లోయ అంచుకు వెళ్ళి, ముందుకాలు గాలిలో పెట్టింది.

మణికేతుడి చెయ్యి బిగిసిపోయింది. పన్నెండేళ్ళుగా కళ్ళేలు పట్టిన చెయ్యి అది. పగ్గం నేలమీదినుంచి లేచి తీగలా సాగింది. పిల్ల వెంటనే కాలు వెనక్కి తీసుకుని, తల వంచి, అతను లాగినవైపుకు, నల్లరాతి వంతెన వైపుకు, విధేయంగా రెండు అడుగులు వేసింది. మూడో అడుగు వంతెన మీద పడబోతోంది.

రాకుమారుడు అరచెయ్యి తెరిచాడు. పగ్గం జారి నేలను తాకింది. పిల్ల ఆగింది. అతను వీపు తిప్పి, భుజాలు దించి, ఊపిరి వదిలాడు. వెనక దూరంగా వక్రనాసుడి కుక్కలు మొరిగాయి. గవిరమ్మ ఆపగలిగిన పూట అయిపోయిందన్నమాట. మొదటి బాణం వచ్చి పక్క రాతికి తగిలింది. పిల్ల నెమ్మదిగా ఆ ఖాళీ దగ్గరికే తిరిగి వచ్చి, గాలి మీద కాలు పెట్టి, నిలబడి, ఇంకో కాలు పెట్టి, నడిచిపోసాగింది. మూడు బారల పగ్గం ఒక బార తరిగింది. రెండు బారలు తరిగింది. తను నిలబడితే ఇంకొక్క క్షణంలో బిగుస్తుంది.

మణికేతుడు అడుగు ముందుకు వేసి శూన్యంలో పెట్టాడు. కాలి కింద పాత కొయ్యపలక కిర్రుమంది.

పలక కనిపించదు. ఉంది. ఇంకోటి ఉంది. కనిపించిన ఏడూ మాయే అన్నమాట, గవిరమ్మ లెక్కలోకి రాని ఎనిమిదోదే అసలుది. కింద నది కనిపిస్తూనే ఉంది కాబట్టి అతను కిందకు చూడడం మానేసి పిల్ల మడమలను చూస్తూ నడిచాడు. అది ఎక్కడ పొడవుగా అంగ వేస్తే తనూ అక్కడ అంగ వేశాడు. పలక లేని చోట్లు అవి. వెనక, కోట గడప ఎన్నడూ తొక్కని నలుగురు భటులు నల్లరాతి వంతెన మీదకు పరుగెత్తుకొచ్చారు. నాలుగు కేకలు లోయలోకి దిగిపోయాయి. తర్వాత అటునుంచి ఎవరూ రాలేదు.

అవతలి గట్టు ఇరవై అడుగుల దూరంలో ఉండగా మంచుపొగ వీడింది. గట్టు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎర్రని ఉత్తరీయం, ఎడమ కనుబొమ మీద పాత గాటు. రెండు కాళ్ళ మీద నిలబడి, రెండు చేతులూ చాచి, నవ్వుతున్నాడు.

"తమ్ముడూ" అన్నాడు వసుకేతుడు. "నాకు నయమైపోయింది. ఇంక భయం లేదు, రా."

అన్న గొంతే. అన్న నవ్వే. పదిహేను రోజులుగా మణికేతుడు కళ్ళు మూసినప్పుడల్లా కోరుకున్నది అదే. పరుగెత్తి ఆ కాళ్ళను తడిమి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది.

పిల్ల ఆగింది. మెడ కర్రలా నిగిడింది. దాని కళ్ళు వసుకేతుడి మీద లేవు. అక్కడ మనిషి ఉన్నట్టే దానికి తెలియదు. రెండు చెవులూ గురి పెట్టి, వసుకేతుడికి ఎడమపక్కన, వంతెన కొసన, ఏమీ లేని చోటునే చూస్తోంది. తోక లేచింది. పక్కలు ఉబ్బాయి. ఉన్నిలేడి కేక అయిదు కొండల మీద ప్రతిధ్వనించింది.

మణికేతుడు అన్న ముఖం వైపు ఇంకొకసారి చూడలేదు. చూస్తే నమ్మేస్తాడు. పిల్ల చెవులు చూపిన ఖాళీ వైపుకు తిరిగి కుడిచేత్తో కత్తి దూశాడు. ఆ ఖాళీలో మాటు వేసిన మాంత్రికుడు గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఎడమ అరచెయ్యి మాత్రం తెరిచే ఉంది. దాని మీద పగ్గం వదులుగా పడి ఉంది.